మోటుపల్లి రేవులో సుంకం ముప్పైకి ఒకటి

చీరాల దాకా వెళ్లినవాళ్లంతా వాడరేవుకో రామాపురం బీచికో పోతారు. మా వాళ్లూ ఆ పని మీదే వచ్చారు. శనివారం రాత్రికి రూము అద్దె విన్నాక నాకు సముద్రం మీదే విరక్తి పుట్టింది. ఆ డబ్బుతో హైదరాబాదులో మా ఇంట్లో నెలరోజుల పాలు, కూరగాయలు గడిచిపోతాయి. పైగా టిఫిన్ విడిగానట. పొద్దున్నే వాళ్లని నిద్రపోనిచ్చి, ఒంగోలు బస్సెక్కి చినగంజాంలో దిగిపోయాను.

అక్కడి నుంచి సముద్రం వైపు తిరిగితే మోటుపల్లి. కాకతీయుల రేవు. “మోటుపల్లి అభయ శాసనం వేయించినది ఎవరు?” అన్న ప్రశ్నకి జవాబు బట్టీపట్టని గ్రూప్స్ అభ్యర్థి ఉండడు. ఆ రాయి ఎక్కడుందో చూసొచ్చిన అభ్యర్థిని మాత్రం నేనింతవరకు కలవలేదు.

ఆటో కుర్రాడికి ఊరి పేరు చెప్పగానే నన్ను ఎగాదిగా చూశాడు.

“గుడికా అక్కా? ఆరొందలియ్యి.”

“ఆరొందలా? ఒంగోలు పోయి రావచ్చు ఆ డబ్బుతో.”

“ఒంగోలుకి బస్సుందక్కా. దీనికి నేనే ఉన్నా.”

ఆ మాటకి ఎదురు చెప్పలేక బేరం కొనసాగించి నాలుగొందల యాభైకి తెంచాను. పోను, రాను, మధ్యలో ఆగడం, బండి మొత్తం నాదే. అదీ ఒప్పందం. ఊరు దాటకముందే ఒకావిడ చెయ్యెత్తింది, వీడు ఆపాడు. రెండు ఖాళీ చేపల గంపలు, ఒక గ్యాస్ బండ, ఆవిడ. నా మొహం చూసి “దారిలోనే దిగుద్దిలే అక్కా” అని సర్దిచెప్పాడు. గ్యాస్ బండ నా కాళ్ల మధ్యకి, ఒక గంప నా ఒళ్లోకి వచ్చాయి. తెల్లవారుజామున అమ్ముడైపోయిన చేపల తాలూకు వాసన మాత్రం గంపలోనే ఉండిపోయింది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. మనిషికి ఇరవై, బండకి ఇరవై, గంపలకి పది అన్నాడు వీడు.

“గంపల్లో ఏముందిరా? గాలేగా. గాలిక్కూడా టికెట్టు కొడతావా?”

“చోటు పట్టుద్దిగా పిన్నీ.”

“మొన్న గంపలకి అడగలా. అంతకుముందు బండకి పదే తీసుకున్నా. రోజుకో రేటేందిరా నీది? ఒక మాట మీద ఉండవా?”

ఉప్పు మళ్ల పక్క నుంచి పోతున్నంతసేపూ ఇదే. ఎండకి తెల్లగా మెరిసే ఉప్పు కుప్పలు చూద్దామంటే గంప అడ్డం. మధ్యలో ఆవిడ నా వైపు తిరిగి, “ఏ ఊరు తల్లీ? మొక్కుందా వీరభద్రుడికి?” అంది. మొక్కు లేదు, గుళ్లో రాయి మీద రాతలున్నాయి, వాటి కోసం వచ్చానన్నాను. “అవి మనకి తెలవ్వుగా. తెలిస్తే మాత్రం ఏముందందులో?” అని నా జవాబు కోసం ఆగకుండా మళ్లీ వాడి మీద పడింది. చివరికి ముప్పై రూపాయలు వాడి చేతిలో కుక్కి, బండ దొర్లించుకుంటూ దిగిపోయింది. నా నాలుగొందల యాభైలో ఆ ముప్పై తగ్గిస్తాడేమోనని చూశాను. తగ్గించలేదు.

సరుగుడు తోటలు, ఇసుక నేలలో వేరుశెనగ, తర్వాత ఊరు. ఒకప్పుడు ఓడలొచ్చి ఆగిన పట్టణమని చెప్పడానికి కంటికి కనిపించేదేమీ లేదు. దీన్నే దేశియుయ్యకొండపట్టణమని కూడా పిలిచేవారు. వీరభద్రుడి గుడి పాతది, చిన్నది. జనం లేరు. స్తంభం దగ్గరికెళ్లి నిలబడితే మొదట గరుకు రాయి తప్ప ఏమీ తెలియలేదు. ఎండ పక్కవాటుగా పడేచోటికి జరిగి చూస్తే అప్పుడు అక్షరాలు లేచాయి. కాకతీయుల నాటి లిపి మన కంటికి సగం కన్నడంలా, సగం తెలుగులా ఉంటుంది. వేలితో రాస్తూ పోతే అక్కడొక గ, ఇక్కడొక ప. గుండ్రంగా, పొందిగ్గా, ఒక వరుసలో. అచ్చులో దొరికే పాఠం ఫోన్లో పెట్టుకుని వెళ్లాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ చేపలావిడ అన్నట్టే అయ్యేది.

శక సంవత్సరం 1166, అంటే 1244-45. వేయించింది గణపతిదేవుడు. సముద్రం మీద ద్వీపాలకీ దేశాలకీ తిరిగే వర్తకులకి అభయం. పూర్వపు రాజులు ఏం చేసేవాళ్లో శాసనం దాచుకోకుండా చెబుతుంది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాగేసుకునేవాళ్లు. మేం మాత్రం దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, ఏర్పరచిన సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లకే వదిలేస్తున్నాం అంటాడు. ఎవరికి? ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రయానమనే పెద్ద సాహసానికి దిగినవాళ్లకి. ఆ వాక్యంలో జాలి ఎంతో వెటకారం కూడా అంతే ఉందని నా అనుమానం.

దయ సంగతి అలా ఉంచితే లెక్క కూడా గట్టిదే. ఓరుగల్లు ఎక్కడ, సముద్రం ఎక్కడ? తీరాంధ్రం చేతికొచ్చాక ఆ రాజుకి దొరికిన పెద్ద ఆస్తి ఇలాంటి రేవు. ఓడ మునిగితే సరుకూ పోయి, తేలితే రాజు చేతిలో పడి, ఎటూ దక్కని చోటికి ఏ వర్తకుడు వస్తాడు?

ఆ తర్వాత వచ్చేదే నాకు అన్నిటికన్నా నచ్చింది: రేట్లు. ఎగుమతి అయినా దిగుమతి అయినా ముప్పైకి ఒకటి సుంకం. ఆ కింద వస్తువుల వారీగా పట్టిక. గంధం, దేశీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు. పోకచెక్కలకైతే లక్షకి ఇంత అని లెక్క. లక్ష వక్కలు ఒక్కచోట కూర్చుని లెక్కపెట్టిన సుంకం గుమాస్తా ఎవడో ఉండే ఉంటాడు కదా, వాడి మీద నాకు చాలా ఆసక్తి. గుడికి కర్పూరం, ఒంటికి పునుగు, పెళ్లికి పట్టు, భోజనమయ్యాక వక్క. ఒక కాలంలో మనుషులు ఎలా బతికారో ఈ జాబితా చెప్పినంతగా యుద్ధాల వర్ణనలు చెప్పవు. మనకేమో కాకతీయులంటే గుర్రం, కత్తి, ఓ పెద్ద డైలాగు.

1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా ఇక్కడే ఇంకో అభయ శాసనం వేయించాడు. కొడుకులు లేకుండా చచ్చిపోయిన వర్తకుడి ఆస్తి రాజు కలుపుకునే అపుత్రిక పన్నుని అందులో రద్దు చేశాడు. అంటే గణపతిదేవుడి తర్వాత వందేళ్లకి కూడా వర్తకుల భయాలు పూర్తిగా తీరలేదన్నమాట.

ఈ రెండు శాసనాలకీ మధ్యలో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఉన్నాడు. ఆయన రాసిన ముత్ఫిలి ఈ మోటుపల్లే. ఇక్కడి నేత బట్ట సాలెగూడంత పల్చగా ఉంటుందనీ, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజుగాని రాణిగాని లోకంలో ఉండరనీ రాశాడు. చీరాల బజారులో చీరల ధరలు అడిగొచ్చిన మర్నాడు ఇది తలుచుకుంటే నవ్వొస్తుంది. పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే, వజ్రాలు అంటుకున్న ఆ ముక్కల్ని గద్దలు ఎత్తుకొస్తాయన్న కథ కూడా ఈ రాజ్యానికే తగిలించాడు. తెలివైన రాణి భర్త పోయాక నలభై ఏళ్లుగా పాలిస్తోందన్నాడు. ఆ రాణి రుద్రమదేవే అనుకుంటే, ఆవిడ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. పైగా పోలో ఈ తీరానికి వచ్చాడంటున్న 1290ల నాటికి ఆవిడ బతికి లేదు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆవిడ మరణాన్ని చెబుతోంది. రేవుల్లో వినిపించే కబుర్లు అప్పుడూ ఇలాగే ఉండేవి కాబోలు.

బయటికొచ్చేసరికి కుర్రాడు ఆటోలో పాటలు పెట్టుకుని పడుకున్నాడు. తిట్టుకుంటాడనుకుంటే, “ఇంతసేపు ఏం చదివావక్కా?” అని లేచి కూర్చున్నాడు. సముద్రం దాకా తీసుకెళ్లమని, దారిలో చెప్పాను. ముప్పైకి ఒకటి అనగానే వేళ్ల మీద లెక్కేశాడు. “నాలుగొందల యాభైకి పదిహేనా! అంతేనా? మాకు ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్సు, మధ్యలో ఆపినోళ్ల చాయ్ ఖర్చు, అన్నీ కలిపితే నువ్వు బండి ఎక్కవక్కా.”

తీరం ఖాళీగా ఉంది. పట్టణం లేదు, ఓడ లేదు, ఒడ్డున నాలుగు పడవలు, వలలు. పగిలిన ఓడల సంగతి చెప్పేసరికి వాడికి ఉత్సాహం వచ్చింది. “శ్రీకాకుళంలో రథం కొట్టుకొచ్చింది, గుర్తుందా?” అన్నాడు. ఎందుకు లేదు? 2022 మేలో అసని తుఫానప్పుడు సున్నాపల్లి తీరానికి బంగారు రంగు మందిరంలాంటిదొకటి తేలుతూ వస్తే, ఊరివాళ్లు తాళ్లు కట్టి ఒడ్డుకి లాగారు. అందరి ఫోన్లలోనూ ఆ వీడియోనే.

“అది మా కాడికి కొట్టుకొచ్చుంటేనా...” అన్నాడు.

“వస్తే ఏం చేసేవాడివి? ఇది అభయమిచ్చిన రేవు. సరుకు ఓడవాడిదే.”

“ఓడవాడెవడో వచ్చి అడిగినప్పుడు ఇద్దుంలే. అందాకా నాలుగు సెల్ఫీలు దిగినోళ్ల కాడ తలా పది తీసుకున్నా నా కిస్తీ కట్టేవాణ్ని” అని, “ఎండెక్కుతోంది, ఎక్కు” అంటూ బండి స్టార్ట్ చేశాడు. తిరుగుదారిలో ఇద్దరు స్కూలు పిల్లల్ని ఎక్కించుకున్నాడు. వాళ్ల దగ్గర మాత్రం ఏమీ తీసుకోలేదు.