పగిలిన బ్లాకు

"నీ లెక్క ఇంజిన్ ధర దగ్గరే ఆగిపోయింది." మా షెడ్డు పెద్ద మేస్త్రీ, మా ఉస్తాద్, ఈ మాట అని పది రోజులైంది. ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయన దగ్గర ఆరేళ్లుగా పని చేస్తున్నాను. ఆయన పఠాన్. ఆ వారం తోటలుండే ధైద్ ఊరి నుంచి ఒక పెద్దాయన తండ్రి నాటి పికప్‌ని లాగించుకొచ్చారు. 1979 ల్యాండ్ క్రూజర్, ఎఫ్‌జే45. లోపల 2ఎఫ్ ఇంజిన్, ఆరు సిలిండర్లు, 4.2 లీటర్లు. తోటలో ఎవరో వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు పోశారట, బ్లాకే పగిలింది. "ఎక్కువ పెట్టుకోలేను, కానీ ఇది నడవాలి" అని తాళాలు ఇచ్చి వెళ్లిపోయారు.

బాగుచేద్దాం అన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చినవాడి నోట ఇంకో మాట రాదు. పగులుకు అతుకు వేస్తాం, బోర్, అంటే సిలిండర్ రంధ్రం, అరిగితే లోపల లైనర్ గొట్టం కొడతాం, అరిగిన క్రాంక్ షాఫ్ట్‌ని గ్రైండింగ్ చేసి దానికి సరిపోయే అండర్‌సైజ్ బేరింగులు వేస్తాం. ఇంజిన్ మార్చడమంటే చేతకాలేదని ఒప్పుకున్నట్టే. ఉస్తాద్ వద్దన్నారు. ఇక్కడ అన్ని రోజుల కూలీ కంటే వాడిన ఇంజిన్ ఇంకోటి కొని వేయడమే చవక.

సరే అని పాత బండ్ల సామాన్లు అమ్మే యార్డులన్నీ తిరిగి 1ఎఫ్‌జెడ్ ఇంజిన్ చూసొచ్చాను, కంప్యూటరుతో పెట్రోలు ఇంజెక్షన్ చేసే రకం. 4.5 లీటర్లు, 24 వాల్వులు. 90లలో వచ్చిన ల్యాండ్ క్రూజర్లది కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది, ధరా తక్కువే చెప్పారు. సంబరంగా చెప్పాను.

ఆయన వేళ్లు మడిచారు. ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే గంటలాంటి డొల్ల, బెల్ హౌసింగ్, పాత గేర్‌బాక్స్‌కి కలవదు, అడాప్టర్ కావాలి. ఇంజిన్ కూర్చునే మౌంట్లు కోసి వెల్డింగ్ చేయాలి. వైరింగూ కంప్యూటరూ కొత్తగా పెట్టాలి. పాత మెకానికల్ పంపు ఇంజెక్షన్‌కి చాలదు కాబట్టి ట్యాంకు దగ్గర కరెంటు పంపు, తిరుగు పైపు వేయాలి. సైలెన్సర్ పైపు సంగతి చెప్పనే లేదు. ఇవన్నీ అయ్యాక ఆ మాట అన్నారు. కుర్రాళ్లు వింటున్నారు.

నాకు లెక్క రాదా? పైసా పైసా కూడబెట్టి ఇంటికి పంపేవాడిని. ఆ రాత్రి రూములో పడుకుని మా ఊరి పనిని తలుచుకున్నాను. ఆటోనగర్‌లో లారీ ఓనరు స్టూలేసుకుని పక్కనే కూర్చుంటాడు. ప్రతి బోల్టుకీ ఎంతని అడుగుతాడు, వద్దంటాడు, బేరమాడతాడు. మొత్తం లెక్క ఆయన తలలోనే ఉంటుంది, మా పని చేతులతోనే. ఈ పెద్దాయన మాత్రం మమ్మల్ని నమ్మి తోటకి వెళ్లిపోయారు. స్టూలు ఖాళీ. అక్కడ నేను కూర్చోవాలని నాకు తోచలేదు. ఇంత మాత్రం ఒప్పుకుంటాను. కానీ మా పనివాళ్లకి ముందుచూపు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

చివరికి 3ఎఫ్ ఇంజిన్ తెచ్చాం. 2ఎఫ్ కుటుంబానిదే, అదే 94 మిల్లీమీటర్ల బోరు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, కాస్త చిన్నది. పాత బెల్ హౌసింగ్‌కి కూర్చుంటుంది, కార్బ్యురేటర్‌తో నడుస్తుంది. యార్డులో ధర 1ఎఫ్‌జెడ్ కంటే ఎక్కువే, కానీ మొత్తం లెక్కలో తక్కువ. కొనేముందు ప్లగ్గులు తీసి ఆరు సిలిండర్లకీ కంప్రెషన్ గేజ్ నేనే పెట్టాను. ఆయిల్ మూత తీసి బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ దాటి కిందికి గాలి తన్నుతోందేమో చూశాను. ఉస్తాద్ పక్కన నిలబడ్డారు, ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు కరక్ చాయ్ ఇప్పించారు.

పగిలిన బ్లాకు షెడ్డు వెనక ఉంది. తుక్కుకి వేయొద్దన్నాను. ఆదివారాలు దానికి అతుకు వేస్తున్నాను.