ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేసే ముందు

ఎమ్మెల్యేగానో ఎంపీగానో నిలబడాలని ఒక మామూలు మనిషి అనుకున్నాడంటే, వెనక గట్టి కారణమే ఉంటుంది. తాగునీళ్లు రాకపోవడం, పంటకు ధర లేకపోవడం, ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం. అది విన్నవాళ్లంతా ‘నువ్వు నిలబడు, మేమున్నాం’ అంటారు. తీరా నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి ముందుకు వెళ్లాక ఆయన చూసేది కాగితాలనే. అక్కడ తప్పితే ఓటరు దాకా వెళ్లే అవకాశమే ఉండదు. అందుకే ఇక్కడ ఆవేశం సంగతి పక్కన పెట్టి పని సంగతే రాస్తున్నాను.

ముందు ఒకటి తేల్చుకోవాలి. గెలవడానికి నిలబడుతున్నారా, సమస్యను బ్యాలెట్ మీదికి ఎక్కించడానికా? రెండూ గౌరవమైన పనులే గానీ, రెండింటికీ చేయాల్సిన పని వేరు.

రెండో రకానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణలున్నాయి. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినిపించాలని నల్గొండ లోక్‌సభ స్థానంలో జలసాధన సమితి పిలుపుతో వందల మంది నామినేషన్లు వేశారు. చివరికి బరిలో 480 మంది మిగిలారు. అప్పట్లో లోక్‌సభకు డిపాజిట్ 500 రూపాయలే. అదే ఏడాది చట్టం మారి అది 10,000 అయింది, ఇండిపెండెంట్లకు 10 మంది ప్రతిపాదకులు (అభ్యర్థి పేరును ప్రతిపాదిస్తూ నామినేషన్ పత్రం మీద సంతకం చేసే ఓటర్లు) ఉండాలన్న నిబంధన వచ్చింది. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నిలబడితే మొత్తం అభ్యర్థులు 185కి చేరారు. ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు (ఓటు మీటలుండే యంత్రాలు) వరసగా పెట్టాల్సి వచ్చింది. వాళ్లు అడిగిన పసుపు బోర్డు మాట దేశమంతా వినపడింది. 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఆ రైతుల్లో ఎవరూ ఎంపీ కాలేదు, కానీ వాళ్లు నిలబడింది ఎంపీ కావడానికి కాదు.

గెలుపు కోసమైతే లెక్క కఠినంగా ఉంటుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 3,921 మంది ఇండిపెండెంట్లు పోటీ చేస్తే గెలిచింది ఏడుగురు. 2023లో కొల్లాపూర్‌లో నిరుద్యోగుల తరఫున నిలబడ్డ బర్రెలక్క (కర్నె శిరీష) గురించి రాష్ట్రమంతా మాట్లాడుకుంది, పడ్డ ఓట్లు మాత్రం ఆరు వేల లోపే. ఆ పోరాటాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఫోన్‌లో వీడియో చూసిన మనిషి మీ నియోజకవర్గం ఓటరు కాకపోవచ్చు, ఓటరే అయినా పోలింగ్ రోజు ఆ మనిషిని గడప దాటించే కార్యకర్త ఆ వీధిలో ఉండాలి. ఎన్నిక జరిగేది బూత్‌లో.

డిపాజిట్ ఇప్పుడు అసెంబ్లీకి 10,000, లోక్‌సభకు 25,000. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం, కుల ధ్రువీకరణ పత్రం చూపాలి. చెక్కు తీసుకోరు. నగదుగా కట్టాలి, లేదా ట్రెజరీ చలానా తెచ్చివ్వాలి. ఒకే స్థానానికి ఎన్ని సెట్ల నామినేషన్ పత్రాలు వేసినా డిపాజిట్ ఒక్కటే. ఓడినా అది తిరిగి రావాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రావాలి. నోటాను ఈ లెక్కలో కలపరు. 1,80,000 ఓట్లు చెల్లాయనుకుంటే ఆరో వంతు 30,000. సరిగ్గా 30,000 వచ్చినా డిపాజిట్ పోయినట్టే, 30,001 రావాలి.

అర్హతల్లో ఎక్కువ మంది పొరబడేది ఓటు విషయంలో. వయసు 25 నిండాలని అందరికీ తెలుసు. అసెంబ్లీకైతే అదే రాష్ట్రంలో ఏ నియోజకవర్గంలో ఓటున్నా సరిపోతుంది, లోక్‌సభకైతే దేశంలో ఎక్కడున్నా నడుస్తుంది. అయితే మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే, ఆ జాబితాలో మీ పేరున్న పేజీకి ధ్రువీకరించిన నకలు తెచ్చి ఇవ్వాలి. ఫోన్‌లో చూపిస్తే కుదరదు. ప్రభుత్వ ఉద్యోగులు రాజీనామా లేఖ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఆమోదించినట్టు ఉత్తర్వు చేతికి రావాలి. ప్రభుత్వంతో నడుస్తున్న కాంట్రాక్టు పనులున్నవాళ్లు ముందే లాయరుకు చూపించుకోవడం మంచిది.

ఇక ప్రతిపాదకులు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు, మీకు పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. పక్క నియోజకవర్గం మేనమామ సంతకం పనికిరాదు. ప్రతి ఒక్కరి ఓటరు జాబితా భాగం నంబరు, అందులో వరుస సంఖ్య రాయాలి. ఈ నంబర్లు పాత జాబితా చూసి రాస్తే తప్పుతాయి. సవరణ తర్వాత వరుస సంఖ్యలు మారుతుంటాయి కాబట్టి తాజా జాబితా ప్రింటు తీసుకుని, వేలు పెట్టి పేరు పేరునా సరిచూసుకోండి. వేలిముద్ర వేసేవాళ్లయితే ఇంటి దగ్గర వేయించుకుని తెస్తే చెల్లదు, రిటర్నింగ్ అధికారి ముందో ఆయన అధికారమిచ్చిన అధికారి ముందో వేయాలి. పదిలో ఒక్కటి చెల్లకపోయినా మిగిలేది తొమ్మిది, అంటే నామినేషన్ పోయినట్టే.

ప్రతిపాదకులు మాట మారిస్తే ఏమవుతుందో 2024లో సూరత్‌లో చూశాం. ఒక పెద్ద జాతీయ పార్టీ అభ్యర్థి పత్రాల మీద ఉన్నవి తమ సంతకాలు కావని ప్రతిపాదకులే చెప్పడంతో నామినేషన్ పోయింది, మిగతావాళ్లూ తప్పుకోవడంతో అక్కడ పోలింగే జరగలేదు. అంత పెద్ద పార్టీకే అలా జరిగింది. చట్టం నాలుగు సెట్ల దాకా వేయనిస్తుంది. కనీసం రెండు సెట్లు, రెండింటికీ వేర్వేరు పదిమందితో వేయండి. బెదిరింపులకు, బతిమాలింపులకు లొంగని మనుషులను ఎంచుకోండి. ఇరవై మంది అలాంటివాళ్లు దొరకకపోతే, ఈసారి ఆగి ఊళ్లో పని చేయడమే మేలని నా అభిప్రాయం.

ఫారాలు: అసెంబ్లీకి 2బి, లోక్‌సభకు 2ఎ, రెండింటికీ ఫారం 26 అఫిడవిట్. ఎక్కువ మంది తడబడేది ఈ అఫిడవిట్ దగ్గరే. మీవి, మీ భర్తవి లేదా భార్యవి, మీ మీద ఆధారపడ్డవాళ్లవి ఆస్తులు, అప్పులు, గత ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు, కేసులు అన్నీ అడుగుతుంది. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. లేకపోతే ‘లేదు’ అనో ‘వర్తించదు’ అనో రాయాలి, గీత గీసి వదిలేయకూడదు. ఖాళీలు పూరించమని అధికారి నోటీసు ఇచ్చాక కూడా పూరించకపోతే తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ధర్నాల్లో పాల్గొన్నవాళ్లకు తమ మీద ఎఫ్‌ఐఆర్ ఉన్న సంగతి తెలియకపోవచ్చు. ముందే మీ ప్రాంతం స్టేషన్లలో కనుక్కోండి. కేసు ఉండటం తప్పు కాదు, దాచడం ముప్పు. కేసులున్నవాళ్లు ఆ వివరాలను పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి, దానికయ్యే డబ్బు కూడా లెక్కలో పెట్టుకోండి.

ఆ తర్వాత ప్రమాణం. నామినేషన్ వేసే హడావుడిలో దీన్ని మరిచిపోయి పోగొట్టుకున్నవాళ్లున్నారు. రాజ్యాంగానికి విధేయంగా ఉంటానన్న ఆ ప్రమాణం నామినేషన్ వేశాకే చేయాలి, అధికారి నామినేషన్లను పరిశీలించే తేదీకి ముందురోజుతో గడువు అయిపోతుంది. పరిశీలన రోజు పొద్దున్నే వెళ్లి చేస్తానంటే కుదరదు. పత్రాలు ఇచ్చిన వెంటనే అక్కడే చేసేసి, చేసినట్టు ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

నోటిఫికేషన్ వచ్చాక నామినేషన్లకు ఏడు రోజులు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా తీసుకుంటారు, సెలవు రోజుల్లో తీసుకోరు. ముహూర్తం కోసం చివరి రోజు దాకా ఆగడం మన అలవాటు. పార్టీల వాళ్లకు వెనక లాయర్లుంటారు, వాళ్లకు నడుస్తుంది. మీరు రెండో రోజో మూడో రోజో వేయండి. ఏ పత్రం తక్కువైందో అధికారి చెక్‌లిస్టులో రాసిస్తారు, సరిదిద్దుకోవడానికి, ఇంకో సెట్ వేయడానికి రోజులు మిగులుతాయి. అక్షర దోషాల వంటి చిన్న తప్పులకు తిరస్కరించకూడదని చట్టమే చెబుతుంది. కానీ అన్యాయంగా తిరస్కరించినా ఎన్నిక మధ్యలో కోర్టులు ఆపవు. ఫలితం వచ్చాక 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి. అప్పటికి ప్రచారం, పోలింగ్ అన్నీ అయిపోయి ఉంటాయి. అందుకే ఈ జాగ్రత్తంతా.

గుర్తు గురించి ఎవరూ ముందు చెప్పని మాట ఒకటుంది. నామినేషన్‌లో మూడు ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ కేటాయించని గుర్తులు) వరసగా రాయాలి, మొట్టమొదట ఇచ్చిన సెట్‌లో రాసినవే లెక్కలోకి వస్తాయి. ఎంచుకునేటప్పుడు గోడ మీద బొమ్మ చూసి ముసలమ్మ కూడా గుర్తుపట్టే వస్తువు చూడండి: విజిల్, గ్యాస్ సిలిండర్ లాంటివి. గీతల్లో ఒకేలా కనిపించే గుర్తులు వద్దు. రోడ్డు రోలర్ తమ కారు గుర్తులా ఉందని టీఆర్‌ఎస్ ఎన్నిసార్లు గొడవ చేసిందో, 2022 మునుగోడు ఉపఎన్నికలో ఒక అభ్యర్థికి ఇచ్చిన ఆ గుర్తును మార్చి, ఎన్నికల సంఘం జోక్యంతో మళ్లీ ఎలా ఇవ్వాల్సి వచ్చిందో గుర్తుండే ఉంటుంది. మిమ్మల్ని ఊరంతా పిలిచే పేరు వేరైతే, అభ్యర్థుల తుది జాబితా తయారయ్యేలోపే రాసిచ్చి ఆ పేరు చేర్చమని అడగండి. బ్యాలెట్ మీద గుర్తింపు పొందిన పార్టీల వాళ్లు ముందు వస్తారు, తర్వాత రిజిస్టరైన చిన్న పార్టీలు, ఇండిపెండెంట్లు ఆఖరున. ఒక్కో యూనిట్‌లో 16 మీటలు, మీరు రెండో యూనిట్‌లో ఉండొచ్చు. ‘ఎన్నో యూనిట్, ఎన్నో నంబరు’ అని ఓటరుకు నేర్పాల్సిందే.

దీనికి మీకున్న సమయం ఎంత? ఉపసంహరణ గడువు ముగిశాకే గుర్తు చేతికొస్తుంది. అక్కడి నుంచి పోలింగ్‌కు చట్టం ఇచ్చే కనీస వ్యవధి 14 రోజులు, చివరి 48 గంటలు ప్రచారం బంద్. అంటే చేతిలో ఉండేది పన్నెండు రోజులు. హస్తం, సైకిల్, కమలం ఏళ్లుగా జనం కళ్లలో ఉన్నాయి. ఈ పన్నెండు రోజుల్లో మిమ్మల్ని పరిచయం చేసుకోవడం అయ్యే పని కాదు, గుర్తును పరిచయం చేయడమే సరిపోతుంది. పరిచయం ఏడాది ముందే, మండలాలు తిరిగి, పింఛన్లు, పట్టాదారు పాసుపుస్తకాల పనుల్లో తోడుండి సంపాదించుకోవాలి.

డబ్బు దగ్గరికొస్తే, మన రెండు రాష్ట్రాల్లో పరిమితి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. మీకు అంత ఖర్చు ఎలాగూ ఉండదు, కానీ లెక్క మాత్రం అంతే గట్టిగా రాయాలి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసమే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. కుటుంబ సభ్యులతో జాయింట్ ఖాతా కుదరదు, ఎన్నికల ఏజెంటుతో అయితే కుదురుతుంది. ఒక మనిషికి లేదా సంస్థకు ఎన్నిక మొత్తంలో నగదుగా ఇవ్వగలిగింది 10,000 దాకానే, ఆపైన బ్యాంకు ద్వారానే. కరపత్రం మీద ముద్రించినవాళ్ల, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా లేకపోతే కేసు పెడతారు.

పోలింగ్ రోజు అన్ని బూత్‌లలోనూ ఏజెంట్లను పెట్టడం ఇండిపెండెంటుకు సాధ్యం కాదు. మీకు బలమున్న ముప్పై నలభై బూత్‌లు ఎంచుకుని అక్కడైనా గట్టివాళ్లను కూర్చోబెట్టండి. ఏజెంటును నియమించే ఫారం 10 ముందే సంతకం చేసి ఇవ్వాలి. ఏజెంటు పోలింగ్‌కు గంటన్నర ముందు మాక్ పోల్‌కు (యంత్రాన్ని పరీక్షించే నమూనా పోలింగ్‌కు) అక్కడ ఉండాలి. అందులో కనీసం 50 ఓట్లు వేసి చూస్తారు, మీ మీట కూడా నొక్కి చూడాలి. అయ్యాక ఆ ఓట్లు తుడిచేసి యంత్రం సున్నా చూపిస్తోందా లేదా గమనించాలి. సాయంత్రం బయటికొచ్చే ముందు 17సి ఫారం నకలు తీసుకోకుండా కదలకూడదు. ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో, కంట్రోల్ యూనిట్ నంబరు ఏమిటో అందులో ఉంటుంది. లెక్కింపు రోజు టేబుల్ దగ్గర మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

ఫలితం వచ్చాక చాలామంది ఇండిపెండెంట్లు ఇంటికెళ్లి ఆ సంగతే వదిలేస్తారు. అక్కడే మళ్లీ పోటీ చేసే దారి మూసుకుపోతుంది. ఫలితం వెలువడిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్క, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటుతో సహా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. రూపాయి ఖర్చు కాకపోయినా లెక్క ఇవ్వాల్సిందే. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు అనర్హుడిగా ప్రకటించవచ్చు. ఇచ్చిన రోజు తేదీ వేసిన రసీదు తీసుకుని, నామినేషన్ కాగితాల ఫైల్లోనే దాచిపెట్టుకోండి.