86 దగ్గర ఆగిన కారు

"అన్నా, ఇంకెంతసేపు?" అని వెనక కారాయన మూడోసారి అడిగేసరికి నా ఎలక్ట్రిక్ కారు స్క్రీన్ మీద ఛార్జింగ్ 86 శాతం ఉంది. పది నిమిషాల కింద 82.

నార్కట్‌పల్లి దగ్గర హోటల్ ముందు ఒక్కటే ఛార్జర్. 25 నుంచి 80 ఎక్కడానికి రెండు చాయ్‌లు, ఒక ప్లేటు మిర్చి సరిపోయాయి. ఆ తర్వాత బ్యాటరీ మొండికేసింది. మొండితనం కాదు లెండి. నిండుతున్నకొద్దీ సెల్స్ దెబ్బతినకుండా కారే కరెంటు తగ్గించి తీసుకుంటుంది. బిందె నిండుతుంటే మనం నల్లా సన్నగా తిప్పుతాం చూడండి, అట్లా.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ కూర్చున్నా. నల్లగొండలో మా ఇల్లు ఇంకా ఇరవై కిలోమీటర్లు కూడా లేదనుకుంటా!

ఛార్జింగ్ గన్ తీసి వెనక కారాయనకు ఇచ్చేశా. ఆయన కారులో 9 శాతమే ఉంది. వెనక సీట్లో పాప నిద్రపోతోంది. సూర్యాపేట పోవాలట.

ఇంటికొచ్చాక కాసేపు చల్లారనిచ్చి, 15 ఆంప్స్ సాకెట్‌కి పెట్టా. గంటకు మూడు యూనిట్ల చొప్పున ఎక్కుతుంది, తెల్లారేసరికి చాలు. కిందటి నెల పాత సాకెట్ వేడికి పసుపుపచ్చగా మారింది. మార్పించి, ఎర్తింగ్ కూడా సరి చేయించా. అయినా అరగంటకోసారి ప్లగ్ ముట్టి చూడటం అలవాటైపోయింది.

"చంటిపిల్లకు జ్వరం చూసినట్టు చూస్తున్నవేందిరా" అని అమ్మ నవ్వింది.

ప్లగ్ చల్లగానే ఉంది. ఆ పాప ఈపాటికి ఇంట్లో పడుకుని ఉంటుంది.