పదహారేళ్ల ఎముక

జువాలజీలో అస్థిపంజరం చాప్టర్ మొదలుపెట్టగానే మా బైపీసీ పిల్లలు 206 అని రాసి గుండ్రంగా సున్నా చుట్టేస్తారు, పుర్రెలో ఎన్ని, వెన్నులో ఎన్ని అని పట్టిక గీసుకుంటారు, అక్కడితో ఆ చాప్టర్ అయిపోయినట్టే. మార్కులు పడతాయి, కాదనను. కానీ ఒంట్లో పాత ఎముకని తవ్వేసి కొత్తది కట్టే పని జోరుగా నడిచే వయసు వాళ్లదే. ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు, వాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ, చివరికి పాఠం చెప్పే మాకు కూడా.

ల్యాబ్‌లో అట్టపెట్టెలోంచి తీసి చూపించే ఎముకలు చూస్తే అది ప్రాణమున్న వస్తువంటే ఎవరూ నమ్మరు. నన్నడిగితే పటమటలో ఆదివారం పొద్దున మటన్ కొట్టు ఇంకా నయం. కాలి ఎముకని ముక్కలు కొట్టకుండా నిలువుగా చీల్చి ఇమ్మంటే "మూలుగంతా పోద్దమ్మా" అని కొట్టతను విసుక్కుంటాడు గానీ ఇస్తాడు. ఇంటికి తెచ్చి కడిగి చూడండి. మధ్యభాగంలో గోడ తెల్లగా, దళసరిగా ఉంటుంది, లోపల మూలుగ. చివరికి వచ్చేకొద్దీ గోడ పలచబడి, లోపలంతా సన్నసన్నటి పుల్లల అల్లిక కనిపిస్తుంది, ఆ సందుల్లో ఎర్రటి మజ్జ. రక్తకణాలు తయారయ్యేది అక్కడే. ఇక కీలుకి కొంచెం ఇవతల ఎముకకి అడ్డంగా ఒక సన్నటి గీత ఉంటుంది, నీలం కలిసిన తెలుపు, గోరు పెట్టి నొక్కితే దిగుతుంది. అది మృదులాస్థి, పెరుగుదల ఫలకం అంటాం. లేత మేకలోనే ఉంటుంది, బాగా ముదిరిన దాంట్లో కనపడదు. "లేతదేనా బాబాయ్?" అని మనం అడిగే ప్రశ్నకి జవాబు ఆ గీత దగ్గర ఉంది!

మనిషి పొడుగు పెరిగేది కూడా ఆ గీత దగ్గరే. మృదులాస్థి కణాలు అక్కడ వరుసల్లో నిలబడి విభజన చెందుతాయి, ఉబ్బుతాయి, తర్వాత చచ్చిపోతాయి. వాటి చుట్టూ ఉన్న పదార్థానికి సున్నం పడుతుంది, రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, వెనకే ఎముక కట్టే కణాలు వచ్చి పని మొదలుపెడతాయి. అమ్మాయిల్లో 14 నుంచి 16 ఏళ్ల మధ్య, అబ్బాయిల్లో ఇంకో రెండేళ్లు అటూఇటూగా ఈ ఫలకాలు చాలావరకు మూసుకుపోతాయి. మూయించేది ఆడవాళ్ల హార్మోన్ అని పేరుపడ్డ ఈస్ట్రోజెన్. అబ్బాయిల్లో కూడా అదే, ఈ మాట చెబితే క్లాసులో వెనక బెంచీ మొత్తం నవ్వుతుంది. 1994లో అమెరికాలో ఒక 28 ఏళ్ల మనిషి గురించి వైద్య పత్రికలో రాశారు. ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉన్నా జన్యులోపం వల్ల అది పనిచెయ్యలేదు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఫలకాలు మూసుకోలేదు, ఆయన ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అబ్బాయిలకి కూడా ఈస్ట్రోజెన్ కావాలని అలా తేలింది. కాబట్టి ఫలకం మూసుకున్నాక హైట్ పెరిగే పౌడర్ అంటూ ఎవరేం అమ్మినా దండగ, ఆ డబ్బుతో పునుగులు తినండి.

పొడుగు ఆగిపోయింది కదా, ఇక ఎముక పని అయిపోయిందనుకుంటారు. అసలు పని తర్వాతే. గట్టి ఎముకని అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే నడుమ ఒక చిన్న కాలువ, దాని చుట్టూ వలయాల మీద వలయాలు కనిపిస్తాయి. 1691లో క్లాప్టన్ హేవర్స్ అనే ఇంగ్లీషు డాక్టర్ ఎముక మీద పుస్తకం రాస్తూ ఈ కాలువల గురించి చెప్పాడు, అందుకే హేవర్షియన్ వ్యవస్థ అంటాం. ఈ వలయాలు పుట్టినప్పుడు వేసినవి వేసినట్టు ఉండిపోవు. ఆస్టియోక్లాస్ట్ అని బోలెడు కేంద్రకాలున్న పెద్ద కణం వచ్చి ఎముకకి అతుక్కుని, కింద ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది, ఎంజైములతో మిగతాది తినేస్తుంది. రెండు మూడు వారాల్లో గుంట తయారు. తర్వాత ఎముక కట్టే కణాల, అంటే ఆస్టియోబ్లాస్టుల గుంపు దిగి ముందు కొల్లాజెన్ అనే ప్రోటీన్ పరిచి, దాని మీద కాల్షియం, ఫాస్ఫేటు పేరుస్తుంది. దీనికి మూడు నాలుగు నెలలు. మన వీధుల్లో పైపుల కోసం రోడ్డు తవ్వినట్టే, తవ్వడం ఎప్పుడూ తొందరగా అయిపోతుంది, పూడ్చడానికే నెలలు పడుతుంది. పెద్దవాళ్లలో ఏడాదికి అస్థిపంజరంలో దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది.

ఎక్కడ తవ్వాలి, ఎక్కడ కట్టాలి అని చెప్పేదెవరు? నాకు ఈ సబ్జెక్టు మొత్తంలో బాగా నచ్చే భాగం ఇదే, పరీక్షలో ఒక మార్కు కూడా రాదు. కట్టే కణాల్లో కొన్ని తాము కట్టిన దాంట్లోనే కూరుకుపోతాయి. వాటిని ఆస్టియోసైట్లు అంటారు. పెద్దవాళ్ల ఎముకలోని కణాల్లో 90 శాతం పైనే ఇవి, ఏళ్ల తరబడి బతుకుతాయి. బయటికి రాలేవు గానీ ఒక్కోటి సన్నటి కాలువల గుండా పదుల కొద్దీ పోగులు చాపి పక్కవాటిని పట్టుకుని ఉంటుంది. మనం గెంతినా, మెట్లెక్కినా ఎముక కంటికి కనపడనంత వంగుతుంది, ఆ కాలువల్లో ద్రవం కదులుతుంది, ఈ కణాలకి అది తెలుస్తుంది. బరువు పడుతోందంటే కట్టుబడిని ఆపే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్‌ని తగ్గిస్తాయి. బరువు పడకపోతే పెంచుతాయి. చిన్నప్పట్నించీ టెన్నిస్ ఆడేవాళ్లకి రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికన్నా లావుగా ఉంటుంది. అంతరిక్షంలో నెలల తరబడి ఉండే వ్యోమగాములకైతే తుంటి ఎముకలో నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం దాకా తరుగుతుంది, వాళ్లకి తిండి లోటేం లేదు.

ఇప్పుడు మా రెసిడెన్షియల్ కాలేజీల సంగతి చూడండి. ఎత్తు జోరుగా పెరిగే సమయంలో రెండేళ్ల వ్యవధిలోనే పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో పావు వంతు చేరిపోతుంది. అది ఎనిమిది, తొమ్మిది తరగతుల వయసు, ఇప్పుడు ఫౌండేషన్ కోర్సుల పేరుతో ఆ పిల్లల్ని కూడా కూర్చోబెడుతున్నారు. అమ్మాయిలకి 18, అబ్బాయిలకి 20 వచ్చేసరికి గరిష్ఠ ఎముక ఖనిజంలో 90 శాతం దాకా జమైపోతుంది. ఆ ఏళ్లన్నీ మన పిల్లలు తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో ఏసీ క్లాసులు. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండలుండే బెజవాడలో విటమిన్ డి తక్కువైందని మాత్రలు రాయించుకుంటున్న పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వెలుతురే ఇస్తుంది, విటమిన్ ఇవ్వదు.

ఫోన్ చేసే తల్లులు మాత్రం "మేడమ్, కాల్షియం టాబ్లెట్ వేయమంటారా" అంటారు. కాల్షియం కావాల్సిందే, ఈ వయసులో రోజుకి 1000 మిల్లీగ్రాముల పైచిలుకు అవసరం, 100 గ్రాముల రాగుల్లో 340 దాకా ఉంటుంది, పెరుగు సరేసరి (హాస్టల్ మజ్జిగ లెక్కలోకి రాదు). కానీ ఇటుకలు తెచ్చి గుమ్మంలో పోస్తే గోడ లేవదు కదండీ, కట్టమని లోపలి కణాలు చెప్పాలి, వాటికి కుదుపు కావాలి. నడక కన్నా గెంతడం మేలు, ఈతా సైకిలూ గుండెకి మంచివే గానీ ఎముకకి అంత పనికిరావు. గంటలకొద్దీ అక్కర్లేదు కూడా. ఒకే రకం కుదుపుకి ఆ కణాలు కాసేపట్లో అలవాటు పడిపోతాయి, అందుకే కొన్ని గెంతులు, కాస్త విరామం, మళ్లీ కొన్ని గెంతులు అయితే బాగా పనిచేస్తుంది.

మా కాలేజీలో గ్రౌండ్ ఉన్న చోట ఇప్పుడు బస్సులు నిలబెడుతున్నారు. గ్రౌండ్ అడిగితే పరీక్షలయ్యాక చూద్దామన్నారు. అందుకని నా పీరియడ్ మధ్యలో అందర్నీ లేపి ఉన్నచోటే గెంతిస్తున్నాను. పిల్లలకి భలే సరదాగా ఉంది. కింది ఫ్లోర్‌లో ఫిజిక్స్ సార్ మాత్రం ఫ్యాన్ ఊడి నెత్తిన పడేలా ఉందని స్టాఫ్‌రూమ్‌లో రోజూ గొడవ.