పాలు గడ్డకడుతున్న ఫ్రిజ్: థర్మోస్టాట్ పరీక్ష

శనివారం రాత్రి

మా సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పై అరలో పెట్టిన పాల ప్యాకెట్ తెల్లారేసరికి గడ్డకట్టేస్తోంది. కింద కూరల డబ్బాలో కొత్తిమీర నల్లబడింది. నాబ్ బాగా తగ్గించినా కంప్రెసర్ ఆగట్లేదు. గ్యాస్ అయిపోయిందేమోనని ఇంట్లో అనుమానం. గ్యాస్ కారినా, డోర్ రబ్బరు వదులైనా కంప్రెసర్ ఆగకుండా తిరిగే మాట నిజమే, కానీ అప్పుడు చల్లదనం చాలదు. ఇక్కడ అది మితిమీరింది. నా అనుమానం థర్మోస్టాట్ మీదే, అంటే చల్లదనాన్ని బట్టి కంప్రెసర్‌ను ఆపి, మళ్ళీ నడిపే స్విచ్ మీద.

ఆదివారం ఉదయం

ప్లగ్గు పీకి, నాబ్, లైటు కవరు విప్పాను. థర్మోస్టాట్ నుంచి రాగి తీగలా కనిపించే సన్నని గొట్టం ఒకటి ఐస్ పెట్టె దాకా వెళ్తుంది. అందులో గ్యాస్ ఉంటుంది. చల్లబడితే ఆ గ్యాస్ ఒత్తిడి తగ్గి, లోపలి స్విచ్ తెరుచుకుని, కంప్రెసర్ ఆగుతుంది. ఈ గొట్టం చిట్లి గ్యాస్ పోతే స్విచ్ తెరుచుకునే ఉండిపోతుంది, కంప్రెసర్ అసలు మొదలవ్వదు. మా ఫ్రిజ్ జబ్బు దానికి సరిగ్గా వ్యతిరేకం.

కొత్తది కొనే ముందు అందరూ చూడాల్సింది గొట్టం కొస. అది క్లిప్పులోంచి జారి ఐస్ పెట్టెకు తగలకపోతే, థర్మోస్టాట్ బాగున్నా కంప్రెసర్ ఆగదు. క్లిప్పు బిగిస్తే సరిపోయే పనికి కొత్త సామాను కొనడం అన్యాయం. మాది మాత్రం గట్టిగానే ఆనుకుని ఉంది.

మధ్యాహ్నం

వైర్లు ఎక్కడివక్కడ ఫోటో తీసుకుని, థర్మోస్టాట్ బయటికి తీసి, కంప్రెసర్‌కు వెళ్ళే రెండు పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టాను. బీప్ వచ్చింది, అంటే లోపలి స్విచ్ మూసుకునే ఉంది. ఇంత వేడి గదిలో మంచి థర్మోస్టాట్ కూడా బీప్ ఇస్తుంది కాబట్టి దీన్నిబట్టి ఏమీ తేలదు. చల్లగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో చూడాలి.

ఐసు ముక్కలు దంచి, మూడు వంతుల ఐసుకు ఒక వంతు కల్లుప్పు కలిపాను. ఉత్త ఐసు నీళ్ళు 0 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి, థర్మోస్టాట్ తెరుచుకోవడానికి అది చాలకపోవచ్చు. ఉప్పు కలిపితే సున్నాకు చాలా కిందికి దిగుతుంది. నాబ్ కనిష్ఠంలో ఉంచి, గొట్టం కొస మాత్రమే ముంచి, థర్మోస్టాట్ డబ్బాను బయటి గాలిలోనే పట్టుకున్నాను. ఎంతసేపైనా టిక్‌మనలేదు, బీప్ ఆగలేదు. స్విచ్ అతుక్కుపోయింది.

సోమవారం

పాతది చేతిలో పెట్టుకునే షాపుకు వెళ్ళాను. పిన్నుల వరస, గొట్టం పొడవు, నాబ్ కడ్డీ ఆకారం మూడూ కలవాలి. కొత్తదాన్నీ అదే ఉప్పు ఐసులో ముంచాను: టిక్‌మని బీప్ ఆగింది. తీసి అరచేత్తో పట్టుకుంటే మళ్ళీ టిక్, మళ్ళీ బీప్. బిగించే ముందే ఇది చూసుకుంటే మనసు నిమ్మళం. గొట్టాన్ని మడత పడకుండా వేలి మీద మెల్లగా వంచి, పాతది ఎంత లోపలికి ఉందో అంతే దూర్చి క్లిప్పు వేశాను.

వారాంతం

మధ్య అరలో రాత్రంతా ఉంచిన గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ 4 డిగ్రీలు చూపించింది. కంప్రెసర్ ఆగుతోంది, కాసేపటికి మళ్ళీ అందుకుంటోంది. తలుపు సందులో కాగితం పెట్టి లాగితే కింది మూల సులువుగా జారి వచ్చేస్తోంది. అంటే అక్కడ డోర్ రబ్బరు సరిగ్గా పట్టట్లేదు. ఇక దాని సంగతి చూడాలి.