నాన్న నిద్ర

డెబ్బై దాటాక నాన్నకి రాత్రి రెండింటికే మెలకువ వచ్చేసేది. ఇక తెల్లవార్లూ మంచం మీద అటూ ఇటూ దొర్లడమే. పెద్దవయసులో నిద్ర అంతగా అక్కర్లేదని చాలామంది అంటారు కానీ, 65 దాటినవాళ్లకీ 7, 8 గంటలు కావాల్సిందే. వయసుతో తగ్గేది గాఢనిద్ర.

డాక్టర్ చెప్పాక పొద్దున్నే నడక మొదలుపెట్టారు. మొదట్లో తేడా ఏమీ తెలియక విసుక్కున్నారు కూడా. కొన్ని వారాలు గడిచాక మార్పు కనిపించింది. ఇప్పుడు మధ్యలో లేచినా గ్లాసుడు నీళ్లు తాగి, దుప్పటి మీదికి లాక్కుని, మళ్లీ నిద్రపోతున్నారు. అలా మళ్లీ నిద్ర పట్టడమే నాకు ఎంతో సంతోషం. పగలు చిరాకు కూడా తగ్గింది.

పగలు ఒంటికి పని చెబితే రాత్రికి నిద్ర ముంచుకొస్తుంది. పొద్దుటి వెలుతురు ఒంట్లోని గడియారాన్ని గాడిలో పెడుతుంది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, పడిపోకుండా 3 రోజులు బ్యాలెన్స్ వ్యాయామాలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చుని చేసేవీ ఉన్నాయి.

నిద్రలో గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అనిపిస్తే మాత్రం నడకతో సరిపెట్టకండి, డాక్టర్‌కి చూపించండి.