హర్ట్స్ వరుస దగ్గర ఆగిపోయిన లెక్క: క్వార్టర్‌బ్యాక్ పట్టిక, ఐదో విడత

శనివారం సాయంత్రం మొదలుపెట్టి రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా ఒక్క వరుస మాత్రం తేలలేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాసులు వేసే క్వార్టర్‌బ్యాక్‌ల ఎదుగుదలలో ఏ కళాశాల వాటా ఎంతో లెక్క కట్టే ఈ పట్టికలో మిగిలినవన్నీ దారికి వచ్చాయి, జేలెన్ హర్ట్స్ వరుస మాత్రం నేను ఏ అంకె మార్చినా అటో ఇటో ఒరిగిపోతూనే ఉంది. ఈ విడతలో ప్రధానంగా ఆ ఒక్క వైఫల్యం గురించే రాస్తున్నాను, ఎందుకంటే నాలుగు విడతలుగా నేను సరైనదని నమ్ముతూ వచ్చిన పద్ధతిలోని లోపం అక్కడే బయటపడింది.

ముందుగా, కుదిరిన పని. రిక్రూటింగ్ రేటింగుల (కళాశాలలో చేరేముందు హైస్కూలు ఆటగాళ్లకు ఇచ్చే అంకెలు, నక్షత్రాలు) పుట పూర్తయింది. గరిష్ఠమైన 1.0000 రేటింగుతో వచ్చిన క్విన్ ఎవర్స్, వృత్తి జట్లు కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్టులో ఏడో రౌండులో 231వ స్థానంలో ఎంపిక కాగా, హైస్కూలు రోజుల్లో ఒక్క నక్షత్రమైనా లేని క్యామ్ వార్డ్ అదే డ్రాఫ్టులో మొట్టమొదటి ఎంపిక అయ్యాడు. ఆ రెండు వరుసలనూ పక్కపక్కనే పెట్టుకున్నాను. జో బరో వరుస కూడా తేలింది: లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం (ఎల్‌ఎస్‌యూ)లోనే 2018లో 133.2గా ఉన్న పాసింగ్ ఎఫిషియెన్సీ (అందిన పాసులు, గజాలు, టచ్‌డౌన్లు, ఎదుటి జట్టుకు చిక్కిన పాసులతో కట్టే అంకె) 2019లో 202.0కు చేరింది కనుక ఆ ఎదుగుదల ఎవరి ఖాతాలోకి వెళ్లాలో వాదన అవసరం లేదు.

హర్ట్స్ విషయంలో మాత్రం వాదన మా ఇంట్లోనే ఉంది. మేముండేది హ్యూస్టన్‌కు పడమట కేటీలో. అదే ఐ-10 రహదారి మీద నగరం దాటి తూర్పుకు వెళితే వచ్చే చానల్‌వ్యూలో, సొంత తండ్రి కోచ్‌గా ఉన్న హైస్కూలు జట్టులో ఆడి ఎదిగినవాడు హర్ట్స్. అందువల్ల మా వారాంతపు బృందంలో అతని మీద అందరికీ ఒక ఆపేక్ష ఉంది. మా బావమరిది అలబామా విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసాలో ఎమ్మెస్ చేశాడు. మా మిత్రులొకరు ఓక్లహోమా విశ్వవిద్యాలయం ఉన్న నార్మన్‌లో చదివారు. హర్ట్స్‌ను పాసు వేయగల క్వార్టర్‌బ్యాక్‌గా తీర్చిదిద్దింది అలబామానా, ఓక్లహోమానా అన్నది వారిద్దరి మధ్య ఏళ్ల తరబడి నడుస్తున్న తగవు. "బావగారూ, మీ పట్టికే తేల్చాలి" అని బావమరిది అన్నందుకే ఈ వరుసను ఈ నెలలో ఎత్తుకున్నాను.

ఇప్పటిదాకా నా నియమం ఇది: ఒక సీజనులో కనీసం 100 పాసులు వేస్తేనే ఆ సీజను లెక్కలోకి వస్తుంది, వరుసగా లెక్కకు వచ్చిన రెండు సీజన్ల మధ్య తేడా రెండో సీజను నాటి కళాశాల ఖాతాలో పడుతుంది. ఈ నియమం ప్రకారం హర్ట్స్ 2016లో 139.1, 2017లో 150.2, ఓక్లహోమాకు వెళ్లాక 2019లో 191.2. అంటే 2017 తరువాతి 41.0 పాయింట్ల ఎదుగుదల మొత్తం ఓక్లహోమాదే. మిత్రుడు సంతోషించారు. నేను కూడా ఫైలు మూయబోయాను. అప్పుడు బావమరిది "2018 ఏమైంది?" అని అడిగాడు.

2018లో హర్ట్స్ అలబామాలోనే ఉన్నాడు. ఆ ఏడాది జనవరి 8న జార్జియాతో జరిగిన జాతీయ ఫైనల్లో, సగం ఆట ముగిశాక అతని స్థానంలో టువా టాగోవైలోవాను దింపిన సంగతి అందరికీ తెలిసిందే. తరువాతి సీజనంతా హర్ట్స్ రెండో క్వార్టర్‌బ్యాక్‌గానే ఉన్నాడు, 70 పాసులు మాత్రమే వేశాడు. నా నియమం ఆ సీజనును మొత్తంగా తుడిచేసింది. చేతితో లెక్క కట్టి చూశాను: 70 పాసుల్లో 51 అందాయి, 765 గజాలు, 8 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టుకు చిక్కిన పాసులు), ఎఫిషియెన్సీ 196.7. అంటే ఓక్లహోమాలో అడుగు పెట్టకముందే అతని అంకె 2019 నాటి అంకెను దాటి ఉంది. ఆ సీజనును ఉన్నదున్నట్టుగా కలిపితే అలబామా ఖాతాలో 46.5 పాయింట్లు పడతాయి, ఓక్లహోమా ఖాతాలో 5.5 పాయింట్ల తరుగు పడుతుంది. అరగంట క్రితం వచ్చిన తీర్పు పూర్తిగా తలకిందులైంది.

70 పాసులను 2019 నాటి 340 పాసులతో సమానంగా తూచడం న్యాయం కాదు కనుక, చిన్న సీజన్లకు నేను సాధారణంగా వాడే అరువు పాసుల పద్ధతిని ఎత్తుకున్నాను. ప్రతి సీజనుకూ కొన్ని సగటు పాసులను, అంటే 135 ఎఫిషియెన్సీ ఉన్న పాసులను, అదనంగా కలిపి తిరిగి లెక్క కట్టడమే ఆ పద్ధతి. అసలు పాసులు తక్కువగా ఉన్న సీజను సగటు వైపుకు ఎక్కువగా జరుగుతుంది, ఎక్కువగా ఉన్న సీజను పెద్దగా కదలదు. ఎన్ని పాసులు అరువు తేవాలి అన్నదే ప్రశ్న. మొదట 200 పెట్టాను. 2017 అంకె 143.5, 2018 అంకె 151.0, 2019 అంకె 170.4 అయ్యాయి. అలబామాకు 7.5, ఓక్లహోమాకు 19.4. తరువాత 100 పెడితే అలబామాకు 14.5, ఓక్లహోమాకు 18.0. 50 పెడితే అలబామాకు 23.3, ఓక్లహోమాకు 13.0. తీర్పు ఎక్కడ తిరగబడుతోందో కనిపెట్టడానికి ఐదేసి పాసులు మారుస్తూ పోయాను. 80 దగ్గర అలబామా 17.2తో ముందుంటే ఓక్లహోమా 16.7, 85 దగ్గర అలబామా 16.5కు దిగి ఓక్లహోమా 17.1కు ఎక్కింది. ఐదు అరువు పాసుల తేడాతో ఏళ్ల నాటి తగవు ఒక పక్క నుంచి మరో పక్కకు వెళ్లిపోతోంది.

సగటు అంకె మార్చినా ఇదే గతి. అరువు 100 దగ్గర ఉంచి 135 బదులు 145 పెట్టి చూస్తే అలబామాకు 17.6, ఓక్లహోమాకు 14.4 వచ్చాయి. ఈ రెండు అంకెలలో దేన్ని మార్చినా నేను కోరుకున్న జవాబు వస్తుంది. జవాబు ముందే తెలిసినవాడికి అంకెలు వత్తాసు పలికే పట్టిక నాకు అక్కరలేదు, అందుకే ఆ రాత్రి ఇద్దరికీ ఏ తీర్పూ చెప్పలేదు.

లోపం ఎక్కడుందో నాకు మూడు అనుమానాలున్నాయి.

మొదటిది ఆ 70 పాసుల స్వభావం. వాటిలో చాలా భాగం అలబామా భారీ ఆధిక్యంలో ఉన్నాక, ఎదుటి జట్టు చేతులెత్తేసిన సమయంలో వేసినవి. అలాంటి పాసులు ఎఫిషియెన్సీని ఉబ్బిస్తాయన్నది నా గట్టి నమ్మకం. కానీ దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 2018 డిసెంబరు 1న, అలబామా ఆడే లీగ్ అయిన ఎస్‌ఈసీ ఫైనల్లో టువా గాయపడినప్పుడు హర్ట్స్ నాలుగో క్వార్టర్‌లో దిగి, 9 పాసుల్లో 7 అందించి, 82 గజాలు, ఒక టచ్‌డౌన్ సాధించి, మరో టచ్‌డౌన్ తానే పరుగెత్తి, జార్జియా మీద 35-28తో జట్టును గెలిపించాడు. ఆ తొమ్మిది పాసులకే లెక్క కడితే 191.0 వస్తుంది, 2019లో ఓక్లహోమాలో వచ్చిన 191.2కు దాదాపు సమానం. తొమ్మిది పాసుల మీద ఏ భవనమూ కట్టలేం, అయినా ఆ సీజనులో అతను వేసిన అత్యంత కఠినమైన పాసులు అవే. ఏడాది పాటు బెంచి మీద కూర్చున్న కుర్రవాడు ఆ సాయంత్రం వేసిన పాసులను చూసినవారు ఎవరూ, అతని ఎదుగుదల నార్మన్‌లోనే మొదలైందని తేలికగా ఒప్పుకోరు.

రెండోది చుట్టూ ఉన్నవారు. 2018 అలబామాలో జెర్రీ జూడీ, హెన్రీ రగ్స్, డెవాంటా స్మిత్, జేలెన్ వాడిల్ ఒకే జట్టులో రిసీవర్లు (పాసులు అందుకునేవారు), తరువాత నలుగురూ డ్రాఫ్టు మొదటి రౌండులోనే వెళ్లారు. 2019 ఓక్లహోమాలో సీడీ లాంబ్ ఉన్నాడు. క్వార్టర్‌బ్యాక్ అంకెలో రిసీవరు వాటా ఎంతో విడదీయడానికి నా దగ్గర ఇంకా పద్ధతి లేదు. గత నెలలో ఒక పద్ధతి ప్రయత్నించాను: ప్రతి క్వార్టర్‌బ్యాక్‌ను అదే జట్టులో అతనికి ముందు ఆడినవాడితో పోల్చడం. అలబామాలో 2019 టువా 206.9, 2020 మ్యాక్ జోన్స్ 203.1, 2021 బ్రైస్ యంగ్ 167.5. ఈ లెక్కన, ఏటా అత్యుత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగులో మూడో స్థానం పొందిన జోన్స్ తరుగు చూపించాడు, ఆ ట్రోఫీనే గెలుచుకున్న యంగ్ 35.6 పాయింట్లు వెనుకబడ్డాడు. ఆ పద్ధతిని ఇక తాకను.

మూడోది, నన్ను ఎక్కువగా వేధిస్తున్నది, ఆట పిలిచేవారి, అంటే ప్రతిసారీ ఏ ఎత్తు వేయాలో చెప్పే కోచ్‌ల, మార్పు. హర్ట్స్‌కు 2016లో లేన్ కిఫిన్, 2017లో బ్రయన్ డేబాల్, 2018లో మైక్ లాక్స్‌లీ, 2019లో లింకన్ రైలీ: నాలుగేళ్లలో నలుగురు. ప్రతి ఏడూ కొత్త కోచ్ ఉన్నప్పుడు, వయసుతో వచ్చిన ఎదుగుదలనూ కోచ్ వల్ల వచ్చిన ఎదుగుదలనూ ఒక్క మనిషి వరుసలోంచి విడదీయడం అసాధ్యం. మిత్రుడి వాదనకు బలం ఇక్కడే ఉంది. ఓక్లహోమాలో రైలీ కింద 2017లో బేకర్ మేఫీల్డ్ 198.9, 2018లో కైలర్ మరే 199.2, 2019లో హర్ట్స్ 191.2. టెక్సస్ టెక్, టెక్సస్ ఏ అండ్ ఎమ్, అలబామాల నుంచి మూడు వేర్వేరు దారుల్లో వచ్చిన ముగ్గురు, ముగ్గురి మధ్య తేడా 8.0 పాయింట్లకు మించలేదు. దీన్ని కాకతాళీయం అని కొట్టిపారేయలేను. అలాగని 2018 నాటి 196.7ను కూడా కొట్టిపారేయలేను.

కాబట్టి ప్రస్తుతానికి నా అభిప్రాయం ఇది: ఎదుగుదల ఎక్కువగా జరిగేది మనకు కనిపించని చోట, అంటే సాధనలో, బెంచి మీద, రెండో స్థానంలో ఉన్న ఏడాదిలో. 100 పాసుల నియమం సరిగ్గా ఆ ఏడాదినే తుడిచేస్తుంది. మ్యాక్ జోన్స్ విషయంలోనూ అదే జరిగింది: అతను లెక్కకు వచ్చిన మొదటి సీజను 2019, 141 పాసులు, అప్పటికే 186.8. అంతకు ముందు అలబామాలో గడిపిన రెండేళ్లకు నా పట్టిక ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు, చూపించిన ఎదుగుదల 16.3 మాత్రమే. ఆటగాణ్ణి ఓపికగా సిద్ధం చేసి, తయారయ్యాకే దింపే కళాశాలకు నా పద్ధతి అన్యాయం చేస్తోంది. తొందరగా దింపి, తప్పులు మైదానంలోనే చేయించే కళాశాలకు లాభం చేకూరుస్తోంది. ఇది ఒక్క వరుసతో పోయే లోపం కాదు.

2017 నుంచి 2025 దాకా హైస్‌మన్ గెలిచిన ఏడుగురు క్వార్టర్‌బ్యాక్‌లలో బ్రైస్ యంగ్ తప్ప మిగిలిన ఆరుగురూ కళాశాల మారినవారే. ఖాతా ఎవరిది అన్న ప్రశ్న ఇక ప్రతి వరుసలోనూ వస్తుంది.

సాధనాల గురించి రెండు మాటలు. ఈఎస్‌పీఎన్ వారి క్వార్టర్‌బ్యాక్ రేటింగును (క్యూబీఆర్) వాడమని బృందంలో ఒకరు సలహా ఇచ్చారు. అది పరుగులనూ, శాక్‌లనూ (పాసు వేయకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం), ఆట పరిస్థితినీ లెక్కలోకి తీసుకుంటుంది కనుక మంచి కొలతే, కానీ దాన్ని నేను కాగితం మీద తిరిగి కట్టలేను. తిరిగి కట్టలేని అంకెతో తగవు తీర్చడం నాకు ఇష్టం లేదు. కళాశాల ఎఫిషియెన్సీకి ఉన్న లోపాలు నాకు తెలుసు: కళాశాల ఆటలో శాక్ వల్ల పోయిన గజాలు పరుగుల ఖాతాలో పడతాయి కనుక బంతిని అతిగా పట్టుకుని కూర్చునేవాడి తప్పు ఇందులో కనిపించదు, 2019లో హర్ట్స్ పరుగెత్తిన 1,298 గజాలూ 20 టచ్‌డౌన్లూ కూడా కనిపించవు. అయినా నాలుగు గుణకాలతో ఎవరైనా సరిచూసుకోగల సూత్రం అది. నక్షత్రాల విషయానికి వస్తే, విడి సంస్థల రేటింగుల కంటే అన్నింటినీ కలిపిన కాంపోజిట్ నయం. పట్టికను ఎక్సెల్ నుంచి గూగుల్ షీట్స్‌కు మార్చాను, బావమరిది టల్సాకు పని మీద వెళ్లినా తన వాదన పక్కన వ్యాఖ్యగా రాసేందుకు వీలుగా.

తరువాతి పని 70 పాసులనూ ఆట తరువాత ఆటగా, పాసు తరువాత పాసుగా చేతితో రాయడం. ప్రతి పాసుకూ నాలుగు గడులు పెట్టాను: క్వార్టర్, అప్పటి ఆధిక్యం, ఎన్నో డౌను (ప్రయత్నం), ఇంకా కావలసిన గజాలు. ఆధిక్యం 21 పాయింట్లకు మించి ఉన్నప్పుడు వేసిన పాసులను వేరు చేసి, మిగిలినవాటికి విడిగా ఎఫిషియెన్సీ కట్టాలి. మిగిలేవి పాతికకు లోపే ఉంటాయేమో అన్న భయం ఉంది. పాతిక పాసులు ఏమీ చెప్పవు, అప్పుడు 2017, 2019 సీజన్లనూ అదే జల్లెడలో పోయాలి. అంటే మరో 595 పాసులు. అది ఒక వారాంతంలో అయ్యే పని కాదు, అయినా చేస్తాను.

అది పూర్తయితే ఆర్చ్ మ్యానింగ్ వరుసకు వెళ్లాలి. 2024లో టెక్సస్‌లో ఎవర్స్ వెనుక ఉండి అతను వేసినవి 90 పాసులు, ఎఫిషియెన్సీ 184.0. ఆ అంకె మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నారో హ్యూస్టన్‌లో ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. హర్ట్స్ 2018 లాగే అది కూడా 100కు లోపే కనుక నా పాత నియమం దాన్ని తుడిచేసింది. రెండు వరుసలకూ ఒకే జల్లెడ పని చేస్తే, అరువు పాసుల సంఖ్యను నా ఇష్టానికి కాకుండా ఇలాంటి చిన్న సీజన్ల నుంచే నిర్ణయించే వీలు దొరుకుతుంది. అందుకోసం తరువాతి ఏడాది కనీసం 200 పాసులు వేసిన పాత రెండో క్వార్టర్‌బ్యాక్‌ల జాబితా ఒకటి మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పేర్లు చేరాయి. నలభై చేరేదాకా హర్ట్స్ వరుసకు, తేలలేదన్న గుర్తుగా, పసుపు రంగు అలాగే ఉంచుతున్నాను.